శనివారం నవ్వే లష్కర్

బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరితే ఖాళీ సీటు మీద పడుతుంది. పడ్డాక ఆ సీటు మనది. ఈ పద్ధతి మాసయ్యకు ఇన్నేళ్లలో ఎన్నడూ బెడిసికొట్టలేదు. అందుకని, మొన్న చలికాలంలో ఒక శనివారం సాయంత్రం, వనపర్తిలో రేణుక చాయ దుకాణం వెనక గది వాకిట్లో జనం మూగి ఉండడం చూసి, ఆయన పక్క సందులోకి తిరిగాడు. కిటికీ ఊచల మధ్యనుంచి చూస్తే లోపల ఎత్తుపాటి స్టూలు ఒకటి ఖాళీగా కనిపించింది. తువ్వాలు విసిరాడు. అది స్టూలు దాకా పోలేదు. ఆ స్టూలు మీద కూర్చోబోతూ మైకు నోటి దగ్గర పెట్టుకున్న సందీప్ అనే కుర్రాడి తల మీద పడి, ముఖం పూర్తిగా కప్పేసింది. తువ్వాలు ఉతికిందే. కొంచెం గ్రీసు వాసన మాత్రం వచ్చిందని సందీప్ తర్వాత చెప్పాడు.

గది గొల్లున నవ్వింది. సందీప్ తువ్వాలు తియ్యకుండానే మైకులో అన్నాడు: "అందరూ ప్రోగ్రాం అయినంక శాలువ కప్పుతరు. మొదలువెట్టకముందే కప్పింది మా వనపర్తోళ్లే."

కిటికీ అవతలినుంచి మాసయ్య గొంతు వినిపించింది. "తమ్మీ, ఆ సీటు నాది. జర జూసుకో."

అప్పుడు సందీప్ తువ్వాలు తీసి చూశాడు. "అరె, మాసన్న కాకా! ఇగో, ఈయన మా కాలువ లష్కర్. రా కాకా, ముందట కూసో. రేణుకక్కా, కాకకు ఒక చాయ ఇయ్యి, నా లెక్కల రాసుకో. కాకా, చాయ నాది, నవ్వు నీది!"

మాసయ్య లోపలికి వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఉచితంగా వచ్చిన చాయ గ్లాసు చేత్తో పట్టుకుని, గంటసేపు తల వెనక్కి వాల్చి నవ్వాడు. ఎవరో ఫోనులో వీడియో తీశారు. ఆ వీడియో ఎంత పని చేసిందో చెప్పాలంటే ముందు ఆ నవ్వు సంగతి చెప్పాలి.

మాసయ్యది పాన్‌గల్ అవతల ఊరు. వయసులో ఉన్నప్పుడు ముఠాతో కలిసి ఎక్కడెక్కడో కాలువలు తవ్వాడు. పూనా వైపు, గుజరాత్ వైపు, ఇంకా పేరు గుర్తులేని చోట్ల. తవ్విన కాలువలో నీళ్లు పారడం మాత్రం ఎక్కడా చూడలేదు. నీళ్లు వచ్చేలోపు మేస్త్రీ ముఠాను ఇంకో చోటికి లారీ ఎక్కించేవాడు. చివరికి కాలువ తన ఊరికే వచ్చింది. దాని పిల్లకాలువ మీద గేట్లు తిప్పే లష్కర్ పని మాసయ్యకు దొరికింది. పొద్దున్నే గట్టు మీద నడవాలి, చెత్త అడ్డం పడితే తియ్యాలి, వంతు ప్రకారం పై ఊరికి కొన్నాళ్లు, కింద ఊరికి కొన్నాళ్లు నీళ్లు వదలాలి. చెప్పుకోవడానికి ఇంతే.

కానీ ఆ వంతు ఎవరికీ చాలదు. యాసంగి పంట కాలంలో పల్లి పూతకొచ్చే రోజుల్లో అసలే చాలదు. అందుకని మాసయ్య కూర్చున్నా లేచినా ఎవరో ఒకరు ఎదురొస్తారు. ఫోను మోగుతూనే ఉంటుంది. బువ్వ ముందు కూర్చుంటే మోగుతుంది, స్నానానికి పోతే మోగుతుంది. ఆయన కాలు ఒక చోట నిలవదు. నిలబడి మాట్లాడుతున్నా మడమ నేల మీద టక టక కొట్టుకుంటూ ఉంటుంది. నిద్రలో కూడా కాళ్లు గట్టు మీద నడుస్తుంటాయని ఆయన భార్య జమ్ములమ్మ అంటుంది.

ఇక నవ్వు. లష్కర్ ఎవరినైనా చూసి నవ్వాడంటే ఆ మనిషి పొలానికి నీళ్లు వస్తాయని ఆ కాలువ పొడుగునా లెక్క. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు. ఎలాగో అలా పుట్టింది. మాసయ్యకు మొదట్లో ఈ సంగతి తెలియదు. ఒకనాటి పొద్దున కింద ఊరి రైతు ఒకాయన అంగీ తిరగేసి తొడుక్కుని, జేబులు బయటికి వేలాడుతుండగా ఎదురయ్యాడు. మాసయ్యకు నవ్వు ఆగలేదు. ఆ రైతు తిన్నగా పోయి ఇద్దరు కూలోళ్లను మాట్లాడి, మడులకు గండ్లు తీయించి, పార పట్టుకుని పొద్దుగూకేదాకా కాలువ ఒడ్డున కూర్చున్నాడు. చుక్క నీరు రాలేదు. ఆ రోజు వంతు పై ఊరిది.

"ఏందన్నా గిట్ల జేస్తివి?" అని మరునాడు వచ్చి నిలదీశాడు. "నువ్వే గదా నవ్వినవ్!"

అంగీ సంగతి చెప్పడానికి మాసయ్యకు నోరు రాలేదు. ఆ రైతు అప్పటికీ అదే అంగీ మీద ఉన్నాడు. ఈసారి సరిగానే తొడుక్కున్నాడు.

ఆనాటి నుంచి గట్టు మీద మాసయ్య నవ్వడం మానేశాడు. దారిలో మానేశాడు. ఆఖరికి ఇంట్లోనూ మానుకోవలసి వచ్చింది. ఒకసారి జమ్ములమ్మ ఏదో అంటే గట్టిగా నవ్వాడు. పక్కింటి ఈరమ్మ గోడ మీదనుంచి తల పెట్టి, "ఏందక్కా, నీళ్లిడిసిండా?" అని అడిగింది.

ఎన్నాళ్లని బిగబట్టుకుంటాడు? ఒక శనివారం గేటు హ్యాండిల్ విరిగితే వెల్డింగు చేయించడానికి వనపర్తి పోయాడు. వెల్డింగు షాపు పక్కనే రేణుక చాయ దుకాణం. దాని వెనక గది ఒకప్పుడు విత్తనాల గోదాం. అందులోనుంచి జనం నవ్వుతున్న చప్పుడు వచ్చింది. మాసయ్య పోయి తొంగిచూశాడు. గద్వాల నుంచి వచ్చిన తేజస్విని అనే అమ్మాయి మైకు పట్టుకుని, పెళ్లి పట్టుచీర కొనడానికి వచ్చినవాళ్లు చీర కంటే దుకాణంవాడిచ్చే కూల్‌డ్రింకును ఎక్కువ పరీక్షగా చూస్తారని చెబుతోంది. గదిలో మాసయ్యను ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు. నవ్వితే నీళ్లడిగేవాళ్లు లేరు. హ్యాండిల్ చంకలో పెట్టుకుని, గుమ్మం పక్కన గోడకు ఆనుకుని, ఆయన మొదట చప్పుడు లేకుండా భుజాలు కదిలించాడు. తర్వాత, తుప్పు పట్టిన గేటు మొదటి తిప్పుకు చేసే చప్పుడు లాంటిది ఒకటి గొంతులోంచి వచ్చింది. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.

దాన్ని స్టాండప్ కామెడీ అంటారని తర్వాత తెలిసింది. హైదరాబాద్‌లో దానికి టికెట్టు పెడతారు. రేణుక దగ్గర టికెట్టు లేదు. మనిషికి ఒక చాయ తాగాలి, అంతే. మా ఊళ్లలో మైకు పట్టుకోవాలని సరదా ఉన్న పిల్లలు, నాగర్‌కర్నూల్ నుంచి ఒక లెక్కల మాస్టారు, గద్వాల అమ్మాయి, పై ఊరి సందీప్, వీళ్లంతా వచ్చి తలా కాసేపు నిలబడి చెబుతారు. కొన్ని జోకులు పేలతాయి. కొన్ని మా మీద జాలి కలిగిస్తాయి. ఏదైనా ఒక చాయ ఖరీదే.

మాసయ్య ఆ ఖర్చు కూడా పొదుపు చేయడం నేర్చుకున్నాడు. ఊరి నుంచి పాల ఆటోలో వస్తాడు. క్యాన్లు ఎత్తి దించినందుకు ఆటోవాడు కిరాయి తీసుకోడు. వేయించిన పల్లీలు ఇంటి దగ్గరే పొట్టు తీసి జేబులో పోసుకుంటాడు, ఒలిస్తే చప్పుడవుతుందని. వచ్చీ రాగానే చాయ చెప్పడు. ఇద్దరు మాట్లాడి దిగిపోయాక చెబుతాడు. ముందే తాగేస్తే ఖాళీ గ్లాసు చూసి రేణుక ఇంకోటి తెమ్మంటావా అని అడుగుతుందని భయం. ఆ చాయను చివరిదాకా ఒక్కో గుటక చొప్పున లాగుతాడు.

"మాసన్నా, అది పెరుగు తోడుకుంటది, తాగు జర," అని రేణుక కౌంటరు దగ్గరనుంచి అరుస్తుంది.

"పెరుగైతే ఇంటికి తీస్కపోత లే చెల్లె," అంటాడు మాసయ్య.

అక్కడ కూడా ఆయన కుదురుగా కూర్చోడు. మడమ కొట్టుకుంటూనే ఉంటుంది. జేబులో ఫోను గుర్రుమంటూనే ఉంటుంది. తీసి చూసి మళ్లీ లోపల పెడతాడు. వెనక కూర్చునే నాకు ఆయన కుర్చీ ఊగడం కనిపిస్తుంది. కానీ జోకు పేలినప్పుడు మాత్రం ఆ కాలు ఆగిపోతుంది. నవ్వు అయిపోగానే మళ్లీ మొదలు.

ఇదీ ఆయన శనివారం. తువ్వాలు పడిన రోజు దాకా.

వీడియో సోమవారానికి కింద ఊరి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. అందులో మూడు సంగతులు కనిపించాయి. మాసయ్య పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఆయన చేతిలో చాయ గ్లాసు ఉంది. మైకులో ఒకడు "చాయ నాది, నవ్వు నీది" అంటున్నాడు. ఆ అనేవాడు ఎవడు? సందీప్. ఎవరి కొడుకు? పై ఊరి నిరంజన్ కొడుకు. కాలువ మొదట్లోనే తూము ఉన్న నిరంజన్.

ఆ వారం కింద ఊరికి నీళ్లు సన్నగా వచ్చాయి. మధ్యలో ఎక్కడో గట్టు కారుతోంది. మాసయ్య రెండు రోజులుగా మట్టి కొడుతూనే ఉన్నాడు. కానీ ఎండుతున్న పల్లిచేను గట్టున నిలబడి ఆ వీడియో చూసినవాడికి కారే గట్టు ఎలా కనిపిస్తుంది?

కింద ఊరి అనంతయ్య మరో ఇద్దరిని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. మోకాళ్ల దాకా బురదలో ఉన్న మాసయ్య ముందు ఫోను పట్టాడు.

"ఇది ఎవరు?"

"నేనే పటేలా."

"నవ్వుతున్నవ్."

"నవ్విన."

"మా ముఖం జూసి ఎన్నడన్న నవ్వినవా? చూసినప్పుడల్లా ఆముదం తాగినట్టు ముఖం పెడ్తవ్. ఆడ నిరంజన్ కొడుకు చాయ వోస్తే పండ్లన్ని ఇడిసినవ్. ఒక్క చాయకు మా నీళ్లన్ని వాయె గదరా!"

"పటేలా, గట్టు కారుతున్నది. మట్టి గొడ్తున్న."

"గట్టు కారుతదో, నువ్వు కారుతున్నవో మాకేం తెల్వదా? కాలువ పెద్ద సారుకు జెప్తం. ఈ లష్కర్ వద్దు, ఇంకొకన్ని వెట్టమంటం."

వాళ్లు పోయాక కూడా మాసయ్య చాలాసేపు బురదలోనే నిలబడ్డాడని జమ్ములమ్మ చెప్పింది. పని పోతే పోతుంది. మళ్లీ ముఠాలో కలిసి ఎక్కడికైనా పోవచ్చు, కాళ్లున్నాయి. కానీ ఇన్నేళ్లు వంతు తప్పకుండా తిప్పిన చెయ్యి ఒక గ్లాసు చాయకు అమ్ముడుపోయిందంటే ఎట్లా? ఆ మాట ఆయనకు మింగుడుపడలేదు. ఆ వారమంతా ఇంట్లో కూర్చోలేదు, బయట నిలవలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు.

మధ్యలో ఒక రోజు వనపర్తి పోయి రేణుక ముందు చాయ డబ్బులు పెట్టాడు.

"సందీప్ లెక్క అప్పుడే కట్టిండు గదన్నా," అంది రేణుక.

"ఆయన పైసలు ఆయనకు తిరిగి ఇయ్యి. నావి తీస్కో."

"తాగి ఇన్ని రోజులాయె. ఇప్పుడేంది?"

"చెల్లె, నీకు దండం వెడ్త. తీస్కో."

రేణుక తీసుకుంది. మాసయ్యకు మాత్రం ఇంకా మనసు కుదుటపడలేదు. ఇంటికి వచ్చి, ఇక శనివారం పోనన్నాడు.

జమ్ములమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పకుండానే అంది: "పోకుంటే చేసింది నిజమే అంటరు. పో. ఇన్నేండ్లు నా ముఖం జూసి నవ్వనోనివి, ఆడనన్న నవ్వుతున్నవని నేను ఊకున్న."

ఈ రెండో మాట ఆయనకు మొదటిదానికంటే ఎక్కువ తగిలింది. మరునాడే గట్టు మీద అనంతయ్యను ఆపాడు. "పటేలా, నీకు అనుమానముంటే శనివారం నువ్వే రా. నా పక్కనే కూసో. ఏం జరుగుతదో నీ కండ్లతోని జూడు."

"వస్త," అన్నాడు అనంతయ్య. "ఆ పోరగాడు జెప్పినదానికి నీ పెదవి కదిలిందా, ఇగ జూస్కో."

శనివారం ఇద్దరూ పాల ఆటోలోనే వచ్చారు. క్యాన్లు మాసయ్య దించాడు. అనంతయ్య తెల్లబట్టలు ఝాడించుకుని, పంచాయితీకి వచ్చినవాడిలా కుర్చీ వెనక్కి జరిపి కూర్చున్నాడు. చాయలు ఎవరివి వాళ్లే తెచ్చుకున్నారు. తేజస్విని మాట్లాడినప్పుడు మాసయ్య నవ్వాడు. లెక్కల మాస్టారికీ కొంచెం నవ్వాడు. అనంతయ్య ఆయన నోటివైపే చూస్తున్నాడు తప్ప మైకువైపు చూడలేదు.

తర్వాత సందీప్ లేచాడు.

మాసయ్య పిడికిళ్లు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. దవడ బిగించాడు. మడమ మాత్రం కుట్టుమిషనులా కొట్టుకుంటోంది. సందీప్ మొదటి జోకు చెప్పి అలవాటుగా ముందు వరుసవైపు చూశాడు. మాసయ్య పైకప్పువైపు చూస్తున్నాడు. రెండో జోకు చెప్పాడు. మాసయ్య కిటికీవైపు చూస్తున్నాడు. పిల్లవాడు మైకును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. వెనకాల మేమూ నవ్వలేకపోయాం. ఆ గేటు చప్పుడు ముందు వినబడితేనే మాకు నవ్వు వచ్చే అలవాటైంది మరి.

సందీప్ వాళ్ల నాయన సంగతి ఎత్తుకున్నాడు.

"మా నాయన బోరు మోటరుకు ఆటోమేటిక్ స్టార్టర్ వెట్టిచ్చిండు. కరెంటొస్తే మోటరు దానంతటదే నడుస్తది. అయినా రోజూ గొంగడి కప్పుకోని మోటరు కాడికి పోతడు. ఎందుకే నాయనా, అదే నడుస్తది గదా అంటే, 'అది ఒక్కతే ఉంటదిరా, బుగులువడ్తది' అంటడు. మొన్న నేను జ్వరమొచ్చి మూడొద్దులు పండుకున్న. నన్ను జూసి, 'నువ్వు పెద్దోనివైతివి, నీకేం బుగులు' అని మళ్ల మోటరు కాడికే పాయె."

ఆ తర్వాత మాసయ్య పక్కనుంచి ఒక పెద్ద దగ్గు లాంటిది వచ్చింది. అనంతయ్య. తనూ స్టార్టర్ పెట్టించుకున్నాడు, తనూ గొంగడి కప్పుకుని పోతాడు. తను పోవడం వేరు, నిరంజన్ పోవడం వేరు. కింద ఊరి మనిషికి పై ఊరి నిరంజన్ మోటరుకు తోడు పండుకున్న బొమ్మ కళ్లకు కట్టింది. ముందుకు వంగి, వెనక్కి వాలి, తొడ కొట్టుకుని నవ్వాడు. చేతిలో సగం చాయ మాసయ్య మోకాలి మీద పడింది. గది అంతా అందుకుంది.

మాసయ్య కదలలేదు. మోకాలు కాలి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. పెదవి కదలలేదు.

అనంతయ్య ఊపిరి తీసుకుని పక్కకు చూశాడు. "ఏందయ్యా నువ్వు, రాతిబండ తీర్గ! నేనొక్కన్నే నవ్వి అందరి ముందట పలుచనైతున్న. నవ్వవేంది?"

"నువ్వు నవ్వొచ్చు పటేలా," అన్నాడు మాసయ్య మెల్లగా. "నీ చేతిల గేటు లేదు."

అనంతయ్య గ్లాసు కింద పెట్టాడు. తర్వాత తువ్వాలు తీసి మాసయ్య మోకాలు తుడవబోయి, బాగుండదని మానుకుని, తువ్వాలు అక్కడే పెట్టాడు.

"నేను జెప్తున్న. కింద ఊరి తరఫున జెప్తున్న. నవ్వు."

అప్పటికి జోకు ఎప్పుడో అయిపోయింది. సందీప్ గుక్కెడు నీళ్లు తాగుతున్నాడు. ఆ నిశ్శబ్దంలో, ఎవరూ ఏమీ అనకుండానే, మాసయ్య భుజాలు కదిలాయి. గేటు చప్పుడు వచ్చింది. ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. సందీప్ నీళ్ల సీసా పట్టుకుని బిక్కమొహం వేశాడు. నీళ్లు తాగడంలో ఏం జోకుందో పాపం అతనికి అర్థం కాలేదు. అతని ముఖం చూసి అనంతయ్య మళ్లీ అందుకున్నాడు.

ఆ తర్వాత పెద్ద సారు దగ్గరికి ఎవరూ పోలేదు. అనంతయ్య మనుషులను పంపి గట్టుకు మట్టి కొట్టించాడు. పల్లి చేతికొచ్చింది, బాగానే వచ్చిందన్నారు. అనంతయ్య ఇప్పుడు ప్రతి శనివారం పాల ఆటోలో వస్తాడు. క్యాన్లు ఎత్తడు కాబట్టి కిరాయి ఇస్తాడు. మాసయ్య పక్క కుర్చీలోనే కూర్చుంటాడు, ఆయన జేబులోని పల్లీలు అడగకుండానే తింటాడు. ఒకటి రెండుసార్లు జమ్ములమ్మ కూడా వచ్చింది. ఆమె మైకువైపు చూడలేదు. మొగుణ్ని చూసి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

అంతా సర్దుకుందనుకునే లోపల ఇంకో వీడియో వచ్చింది. ఈసారి పై ఊరి గ్రూపులో. అందులో మాసయ్య, అనంతయ్య ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాలుగో రోజున నిరంజన్ మోటారు సైకిలు వేసుకుని గేటు దగ్గరికి వచ్చాడు. బండి ఆపకుండానే ఇంజను చప్పుడు మీద అరిచాడు.

"ఏంది మాసయ్యా, కింద ఊరి అనంతయ్య పక్కన కూసోని నవ్వుతున్నవంట! వాని భుజం మీద చెయ్యేస్తవంట! మా ఊరి నీళ్లన్ని ఇగ కిందికే పోతయా? నా కొడుకు జోకుకు నవ్వుకుంట, నీళ్లు వానికిస్తవా?"

మాసయ్య గేటు చక్రం మీదనుంచి చెయ్యి తియ్యకుండా, నవ్వకుండా అన్నాడు:

"నాకు ఇంకో పక్క కుర్సీ ఖాళీగనే ఉంది పటేలా, శనివారం వచ్చి కూసో, చాయ మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కుందం."